ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు

బుజ్జీ,

డ్రైవర్ని పెట్టుకోకుండా నువ్వే కారు నడుపుకుంటూ పిల్లాణ్ణీ మీ అత్తగారినీ బెంగళూరు నుంచి సేలం పక్కన కొండమీదున్న ఏర్కాడు తీసుకెళ్తున్నావటగా. మీ అమ్మ ఫోన్‌లో ఒకటే గోల. నాకు మాత్రం లోపల సంబరమే. చెన్నైలో నేను డ్రైవింగ్ నేర్చుకునే రోజుల్లో మాంబళం వీధిలో జనం ఆగి మరీ చూసేవారు. సంబరమైతే సంబరమే గానీ, రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

టైర్లు, వైపర్లు, స్టెప్నీ చూపించుకో. పిల్లాడికి కడుపునిండా పెట్టి ఘాట్ ఎక్కకు.

అందరూ ఏర్కాడు మీద 20 హెయిర్‌పిన్ బెండ్లని భయపెడతారు. నా భయం అంతకుముందే మొదలవుతుంది. ధర్మపురి దాటాక తొప్పూరు వస్తుంది. హైవేనే కదా అనుకుంటావు, కానీ సేలం వైపు వెళ్లేవాళ్లకి అది పెద్ద దిగుడు. డీజిల్ మిగులుతుందని కొందరు లారీలు గేరు తీసేసి న్యూట్రల్‌లో దింపుతారు. బ్రేకులు పట్టకపోతే ముందున్న బండ్ల మీదకే వస్తాయి. అక్కడ రెండు లారీల మధ్య ఇరుక్కోకు.

న్యూట్రల్ అంటే మీ మామయ్యే గుర్తొస్తారు. ఏర్కాడు దిగుతూ పెట్రోలు ఆదా అని ఆయనా అదే పని చేశారు. బ్రేకు మీంచి కాలు తియ్యలేదు. కొన్ని మలుపులు తిరిగేసరికి కమురు వాసన. అడిగితే, “ముందు లారీదిలే” అన్నారు. తర్వాతి మలుపులో పెడల్ స్పాంజిలా లోపలికి పోయింది. ఎప్పుడూ కసిరే మనిషికి నోట మాట లేదు. ఎలాగో సెకండ్ గేర్‌లోకి దింపి, కొండవైపు కాలువలోకి చక్రాలు దించారు. తలుపులు రాతికి గీసుకుంటూ పోయి బండి ఆగింది. బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరైందనీ, ఆవిరిని ఎంత తొక్కినా బ్రేకు పట్టదనీ సేలంలో మెకానిక్ చెప్పాడు. పాతబడ్డ ఆయిల్ తేమ పీల్చుకుని ఇంకా తొందరగా మరుగుతుందట. ఆ తర్వాత ఎవరు ఆ ఊసెత్తినా ఆయన పేపరు అడ్డం పెట్టుకునేవారు, పాపం.

కాబట్టి నీ బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే ముందు అది మార్పించు. నీది ఆటోమేటిక్ కదా, మామూలుగా నడిపే డీ గేర్‌లో పెట్టి బ్రేకు నొక్కుతూ దిగకు. తక్కువ గేరైన ఎల్‌లోనో, మాన్యువల్‌లో సెకండ్‌లోనో దిగు. ఇంజను గట్టిగా మోగితే కంగారుపడకు, బండిని పట్టి ఆపుతున్నది అదే. ఇప్పటి కార్లు గేర్‌లో ఉండగా యాక్సిలరేటర్ వదిలేస్తే, దిగుడులో ఇంజనుకి పెట్రోలే వెళ్లదు. ఇక న్యూట్రల్‌తో మిగిలేదేముంది, మీ మామయ్య పిసినారితనం తప్ప! వాసన వస్తే పక్కకి ఆపి చల్లారనివ్వు. నీళ్లు మాత్రం పొయ్యకు.

ఎక్కే బండికి దిగేవాళ్లే దారివ్వాలి, అది రూలే. పొగమంచు పడితే హెడ్‌లైట్లు కిందికి పడేలా లో బీమ్ వెయ్యి. వెనకవాడు హారన్ కొడితే పోనీ. మీ అత్తగారు “ఇంకెంతసేపమ్మా” అంటే వినపడనట్టు ఊరుకో. ఆవిడకి నేను తర్వాత సర్దిచెప్తాను.

పైకి చేరామని ఫొటోలు పంపకపోయినా పర్వాలేదు. కిందికి దిగి సేలంలో కాఫీ తాగేటప్పుడు ఫోన్ చెయ్యి.

మీ అత్త