డ్రైవర్ లేని కారు ఉందని లైసెన్సు మానేయొచ్చా?

ప్రశ్న: కాలిఫోర్నియాలోని శాన్‌హోజే వచ్చి మూడు వారాలైంది. ఆఫీసు సన్నీవేల్‌లో. డ్రైవరు లేని ట్యాక్సీలు, వేమోలు, తిరుగుతున్నాయి కదా, లైసెన్సూ కారూ అంటూ డబ్బు తగలెయ్యడం దేనికి అంటున్నారు రూమ్మేట్లు. ఇంకొకతనేమో టెస్లా కొనుక్కో, డ్రైవింగ్ రాకపోయినా అదే నడుపుతుంది అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: తమ్ముడూ, ముందు లైసెన్సు తీసుకో. తర్వాత పాత టయోటానో హోండానో ఒకటి కొనుక్కో. వేమో అప్పుడప్పుడూ ఎక్కడానికి బాగుంటుంది. నెలంతా దాని మీదే బతకాలనుకుంటే మాత్రం నీ జీతం సరిపోదు.

నీ స్నేహితులు రెండు వేర్వేరు వస్తువుల్ని కలిపేస్తున్నారు. వేమోలో స్టీరింగ్ ముందు ఎవరూ ఉండరు, డ్రైవింగ్ బాధ్యత కంపెనీది. ఇప్పుడు తిరిగే జాగ్వార్ ఐ-పేస్ కారుకు 29 కెమెరాలు, 6 రాడార్లు, 5 లైడార్లు ఉంటాయి. లైడార్ కాంతిని విసిరి, అది తగిలి తిరిగొచ్చిన సమయాన్ని బట్టి దూరం కొలుస్తుంది. అందుకే చీకట్లో నల్లచొక్కా వేసుకుని రోడ్డు దాటే మనిషిని కూడా పట్టుకోగలదు. ఊరంతా ముందే కొలిచి మ్యాపు చేసి పెట్టుకుంటారు, ఆ మ్యాపు గీత దాటి కారు వెళ్లదు. టెస్లా కార్లలో వచ్చే ఎఫ్‌ఎస్‌డీ (ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్) అలా కాదు. కెమెరాలతోనే నడుస్తుంది, పేరులోనే ‘సూపర్‌వైజ్డ్’ అని ఉంది, అంటే నువ్వు కనిపెట్టుకుని ఉండాలి. కారు తనంతట తాను ఎంతవరకు నడుస్తుందో చెప్పడానికి సున్నా నుంచి అయిదు దాకా ఉన్న మెట్లలో వేమోది నాలుగో మెట్టు, టెస్లాది రెండోది. రెండో మెట్టులో డ్రైవరు నువ్వే. ట్రాఫిక్ జరిమానా టికెట్ పడితే నీ పేరు మీదే పడుతుంది, గుద్దితే నీ ఇన్సూరెన్సే పెరుగుతుంది. డ్రైవింగ్ రానివాడు దాని మీద కన్నేసి ఉంచలేడు. అది తప్పు చేస్తోందని గుర్తుపట్టడానికే డ్రైవింగ్ వచ్చి ఉండాలి.

ఇక డబ్బు సంగతి. నేను ఇక్కడ పోగొట్టుకున్నదంతా కార్ల మీదే పోగొట్టుకున్నాను గనుక కాస్త వివరంగా చెబుతాను.

2025లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక నెలపాటు ధరలు పోల్చి చూస్తే వేమో సగటు సవారీ 20 డాలర్లు దాటింది, ఊబర్ పదిహేనున్నర, ఊబర్ లాంటిదే అయిన లిఫ్ట్ పద్నాలుగున్నర దగ్గర తేలాయి. టిప్పు ఉండదు, అది లాభమే. అయినా రోజుకు రెండు సవారీలు, నెలకు 22 పనిదినాలు వేసుకో: 880 డాలర్లు. ఇది ఆఫీసుకు మాత్రమే. ఉదయం ఎనిమిదిన్నరకూ వాన పడే సాయంత్రాలూ ధర ఇంకా పెరుగుతుంది. శనివారం కూరగాయలు, ఆదివారం గుడి, స్నేహితుడి గృహప్రవేశం ఈ లెక్కలో లేవు.

12 వేల డాలర్ల పాత కారు 8 శాతం వడ్డీకి నాలుగేళ్ల లోనులో తీసుకుంటే నెలకు 293. కొత్తవాడివి గనుక ఇన్సూరెన్సు 200, పెట్రోలు 120, ఆయిలూ టైర్లూ రిజిస్ట్రేషనూ కలిపి నెలకు 60 వేసుకో. 673 అయింది. నాలుగేళ్ల తర్వాత లోను పోతుంది, కారు మిగులుతుంది. వేమోకు కట్టిన డబ్బులో ఏమీ మిగలదు.

నేను చేసిన మొదటి తప్పు నెల కిస్తీ చూసి లోను తీసుకోవడం. క్రెడిట్ చరిత్ర లేదని డీలరు 28 వేల కారుకు 11 శాతం వడ్డీ వేసి, 72 నెలలకు సాగదీసి, కిస్తీ 533 చేసి చూపించాడు. మొత్తం వడ్డీ 10,372. ఆర్నెల్లు ఆగి, సెక్యూర్డ్ కార్డుతో (ముందే డిపాజిట్ కట్టి తీసుకునే క్రెడిట్ కార్డు) క్రెడిట్ స్కోరు కట్టుకుని, సహకార బ్యాంకులాంటి క్రెడిట్ యూనియన్‌లో 6 శాతానికి 60 నెలలు తీసుకుని ఉంటే కిస్తీ 541, వడ్డీ 4,479. నెలకు 8 డాలర్లు తక్కువ కనిపించినందుకు దాదాపు 5,900 ఎక్కువ కట్టాను. డీలరు దగ్గర ‘నెలకెంత’ అని అడగకు. వడ్డీ శాతం, నెలల సంఖ్య, మొత్తం కట్టే సొమ్ము — ఈ మూడూ కాగితం మీద రాయించుకో. ఆ లోను తీరాక మళ్లీ కారుకు వడ్డీ కట్టలేదు. ఇప్పుడు ఇంట్లో ఉన్న రెండు కార్లూ నగదుతో కొన్నవే.

రెండో తప్పు, బండి తనంతట తాను చేసే పనులకు డబ్బు పొయ్యడం. ఎఫ్‌ఎస్‌డీ విడిగా కొనాలంటే 2022 చివర్లో 15 వేలు, 2024 ఏప్రిల్లో 8 వేలు అయ్యేది. అప్పుడే నెలవారీ చందా 199 నుంచి 99కి తగ్గింది. 15 వేలు పెట్టినవాళ్లకు ఏడాదిన్నరలో 7 వేలు గాలికి పోయాయి. నెలకు 99 అంటే అయిదేళ్లకు 5,940, అంటే నీ పాత కారు ధరలో సగం. పోనీ నిశ్చింతగా కూర్చోవచ్చా అంటే అదీ లేదు. సాయంత్రం ఎండ ఎదురుకొట్టినప్పుడు, చారలు చెరిగిన చోట, రోడ్డు పనుల శంకువులు పెట్టిన చోట, అక్కడ బండ్లను ఆపే మనిషి (ఫ్లాగర్) చేత్తో సైగ చేసే చోట అది తడబడుతుంది. కారణం లేకుండా బ్రేకు వేస్తుంది. వెనకవాడు గుద్దితే క్లెయిములతో నెలలు గడుస్తాయి. ఫోను చూస్తే లోపలి కెమెరా పట్టుకుంటుంది, హెచ్చరికలు ఎక్కువైతే కొన్నాళ్లు ఆ సదుపాయమే ఆపేస్తారు.

తాగి టెస్లాలో కూర్చుంటే అదే ఇంటికి తీసుకెళ్తుందనే మాట మనవాళ్ల పార్టీల్లో వింటుంటాను. కారు కదులుతుండగా డ్రైవరు సీట్లో ఉన్నావంటే అది డీయూఐ కేసే, అంటే తాగి నడిపిన కేసు. వీసా మీద ఉన్నవాళ్లకు అరెస్టయితే చాలు, శిక్ష పడకముందే వీసా రద్దు కావచ్చు. లాయరు ఫీజు వేలల్లో ఉంటుంది. నిజం చెప్పాలంటే వేమోకు 25 డాలర్లు పెట్టాల్సింది ఆ రాత్రే.

రోజూ దాన్నే నమ్ముకోకూడదనడానికి ఇంకో కారణం ఉంది. 2025 డిసెంబరు 20న శాన్‌ఫ్రాన్సిస్కోలో సబ్‌స్టేషన్‌లో మంటలు వచ్చి సిగ్నళ్లు ఆరిపోయాయి. ఆరిన సిగ్నల్‌ను నాలుగు వైపులా స్టాప్‌గా తీసుకోవడం కారుకు తెలుసు. కానీ అప్పుడప్పుడూ దూరంగా ఉన్న సిబ్బందిని అడిగి నిర్ధారించుకుంటుంది. ఒకేసారి చాలా ప్రశ్నలు వచ్చిపడేసరికి జవాబులు ఆలస్యమై కార్లు కూడళ్లలోనే నిలబడిపోయాయి, సర్వీసు ఆపేశారు. వేమో లాంటి ఇంకో కంపెనీ క్రూజ్ సంగతి చూడు: 2023 అక్టోబరులో ఒక పాదచారిని కారు కింద ఈడ్చుకెళ్లాక లైసెన్సులు ఇచ్చే కాలిఫోర్నియా శాఖ డీఎమ్‌వీ దాని అనుమతి ఆపేసింది, 2024 డిసెంబరులో దాని యజమాని జీఎం (జనరల్ మోటార్స్) ఆ రోబోట్యాక్సీ పనికే డబ్బు ఆపేసింది. అలాంటి రోజు నీకు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంటే ఏం చేస్తావు?

వేమో ఎక్కేటప్పుడు: కారు నీ గుమ్మం ముందుకే రాదు, ఒక్కోసారి రెండు మూడు నిమిషాలు నడవాలి. పైన తిరిగే గుండ్రటి పెట్టె మీద నీ పేరు పొడి అక్షరాలు చూసుకుని ఎక్కు. అన్నీ ఒకేలా ఉంటాయి. తలుపు యాప్‌తో తెరుచుకుంటుంది, డిక్కీ కూడా అంతే. బియ్యం బస్తా డిక్కీలో పెట్టి మరిచిపోతే గుర్తుచెయ్యడానికి డ్రైవరు ఉండడు. దిగాక తలుపు పూర్తిగా వెయ్యి, కొంచెం తెరిచి ఉన్నా కారు కదలదు. పసిపిల్లలుంటే కార్‌సీటు నువ్వే తెచ్చి బిగించుకోవాలి. కాలిఫోర్నియాలో ఎనిమిదేళ్లలోపు పిల్లలకు కార్‌సీటో బూస్టరో తప్పనిసరి. అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్లతో నువ్వూ ఎక్కు. మధ్యలో కారు ఆగితే సపోర్టువాళ్లతో ఇంగ్లీషులో మాట్లాడాల్సింది నువ్వే.

లైసెన్సు నిబంధనలు డీఎమ్‌వీ సైటులో ఉంటాయి, చదువుకో. కారు నడపాలంటే, ఇక్కడ స్థిరపడ్డాక 10 రోజుల్లో తీసుకోవాలని నియమం. మనవాళ్లు పరీక్ష పోగొట్టుకునేది ఎక్కువగా మూడు చోట్ల. స్టాప్ గుర్తు దగ్గర వేగం తగ్గిస్తారు గానీ చక్రం పూర్తిగా ఆపరు. తెల్లగీతకు ముందే ఆపి, మనసులో మూడు లెక్కపెట్టు. లేన్ మారేటప్పుడు అద్దంలో చూసి సరిపెడతారు, తల తిప్పి భుజం మీదుగా చూడాలి. ఎడమ మలుపులో ఎదురు వాహనానికి దారి ఇవ్వకుండా తోసుకొస్తారు, ఇండియా అలవాటు. చిన్న తప్పులు 15 దాకా ఒప్పుకుంటారు, ప్రమాదకరమైనది ఒక్కటి చేసినా ఫెయిలే. పరీక్షలో కారు తనంతట తాను పార్కు చేసే సదుపాయం వాడనివ్వరు. కాబట్టి టెస్లావాడి కారు అరువు తీసుకెళ్లినా లాభం లేదు.

ట్రైనర్ దగ్గర రెండేసి గంటల చొప్పున మూడు క్లాసులు చాలు. చివరి క్లాసు పరీక్ష జరిగే డీఎమ్‌వీ ఆఫీసు చుట్టుపక్కల వీధుల్లోనే పెట్టించుకో. ఆ కారునే పరీక్షకు అద్దెకు ఇమ్మని ముందే అడుగు. ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు కనీస కవరేజి 30/60/15తో (ఎదుటివాళ్లలో ఒక మనిషి గాయాలకు 30 వేలు, ఒక ప్రమాదంలో అందరి గాయాలకూ కలిపి 60 వేలు, ఆస్తి నష్టానికి 15 వేల డాలర్లు) సరిపెట్టుకోకు. ఇక్కడి రోడ్ల మీద తిరిగే కార్ల ధరలు చూస్తే 15 వేల ఆస్తి నష్టం ఒక్క బంపరూ రెండు తలుపులతో అయిపోతుంది, మిగతాది నీ జేబులోంచి కట్టాలి. 100/300/100కి ఎంతవుతుందో మూడు కంపెనీల దగ్గర కోట్ తీసుకుని చూడు.