డెక్ మెత్తబడిన పాత బోటు బాగవుతుందా?

ప్రశ్న: 1976లో తయారైన 27 అడుగుల ఫైబర్‌గ్లాస్ తెరచాప బోటు చౌకగా వస్తే నిరుడు కొన్నాను. అన్నాపొలిస్ దగ్గర చీసపీక్ బేలో ఉంచాను. మొన్న డెక్ మీద, అంటే బోటు పైతలం మీద నడుస్తుంటే మాస్ట్‌కి (తెరచాప స్తంభానికి) ఎడమ పక్కన కాలి కింద మెత్తగా దిగింది. వానొస్తే లోపల పరుపు తడుస్తోంది. మెరీనాలో (బోట్లు నిలిపే రేవులో) ఒకాయన "బెజ్జాలు పెట్టి ఎపాక్సీ జిగురు ఎక్కించు, రెండు రోజుల పని" అంటున్నారు. బోటు అడుగున పొక్కులు కూడా ఉన్నాయి. ఒకటే టెన్షన్‌గా ఉందండీ. బాగుచేసుకోవచ్చా, వదిలేయాలా?
– ఒక పాఠకుడు, బాల్టిమోర్

జవాబు: వదిలేయకండి. బెజ్జాల సలహా మాత్రం వినకండి. నా మొదటి బోటుకి నేను అదే చేశాను. రెండడుగుల మేర మెత్తబడితే నలభై బెజ్జాలు పెట్టి సిరంజితో ఎపాక్సీ ఎక్కించాను. పైకి గట్టిగానే అనిపించింది. చలికాలం గడిచాక చూస్తే మెత్తదనం ఇంకో అడుగు పాకింది. కోసి చూశాను. బెజ్జం చుట్టూ రూపాయి బిళ్లంత ఎపాక్సీ ముద్ద, ముద్దకీ ముద్దకీ మధ్య తడి కర్ర అలాగే ఉంది. నీళ్లు నిండిన చోట ఎపాక్సీకి చోటెక్కడిది? ఉప్పాడ ఒడ్డున ఫైబర్ బోట్లకి అతుకులేసేవాళ్లు చిన్నప్పుడే నాకు చెప్పారు, తడి మీద అతుకు నిలవదని. ఇక్కడికొచ్చి ఆ మాట మరిచిపోయాను.

ఆ కాలపు బోట్లలో చాలావాటికి డెక్ ఒకే పలకగా ఉండదు. పైనొక ఫైబర్‌గ్లాస్ పొర, కిందొక పొర, మధ్యలో బాల్సా కర్ర. మన జీలుగు బెండులా తేలికైనది. దాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి, నారలు నిలువుగా ఉండేలా పేరుస్తారు. ముక్కల మధ్య సందుల్లోకి నీరు చేరిందంటే చాప కింద నీరే. పైగా మేరీలాండ్ చలికి ఆ నీరు గడ్డకట్టి ఉబ్బుతుంది, పొరని కర్ర నుంచి ఊడదీస్తుంది.

నీరు వచ్చేది బోల్టు బెజ్జాల్లోంచి. మీరు చెప్పిన చోటుని బట్టి నా అనుమానం చెయిన్‌ప్లేట్ల మీద. అంటే మాస్ట్‌ని పట్టి ఉంచే తీగలు తగిలించే స్టీలు పట్టీలు. గాలికి తీగలు లాగిన ప్రతిసారీ అవి కాస్త కదులుతాయి, చుట్టూ ఉన్న పాత సీలెంట్ విడిపోతుంది. లోపలికెళ్లి, ఆ పట్టీలు బిగించిన ప్లైవుడ్ గోడని టార్చ్ వేసి చూడండి. నల్లబడి, స్క్రూడ్రైవర్ మొన దిగిపోతుంటే తెరచాప ఎత్తకండి. డెక్ కంటే ముందు ఆ గోడ సంగతి చూడాలి.

తర్వాత డెక్ అంతా స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి, కొత్త కుండని వేలితో కొట్టి చూసినట్టు. బాగున్నచోట ఖణేల్‌మంటుంది, పాడైనచోట డబ్‌మని మూగగా పలుకుతుంది. పెన్సిల్‌తో గీసుకుంటూ పోండి. గీత మీరనుకున్నదానికంటే పెద్దదే అవుతుంది, బెంబేలు పడకండి.

గీత వెంట రంపం బ్లేడుని పై పొర మందానికే దించి కోయండి. దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకుండా మంచి మాస్క్ తప్పనిసరి. పొరని పగలకుండా ఎత్తి దాచండి, మళ్లీ అదే వేస్తాం. ఎత్తగానే తడిసిన గోనెసంచి వాసన కొడుతుంది. కర్ర నానిన అటుకుల్లా చేతికొస్తుంది. పొడి కర్ర తెల్లగా కనబడేదాకా గీకేయండి. పైన టార్పాలిన్ కట్టి, ఫ్యాన్ పెట్టి ఆరబెట్టండి. ఇక్కడ తొందరపడితే పనంతా వృథా, వారమైనా రెండు వారాలైనా ఆగండి.

కింది పొరని గరుకు కాగితంతో రుద్ది, కొత్త బాల్సాకి అన్ని వైపులా ఎపాక్సీ పట్టించి, చిక్కటి ఎపాక్సీలో కూర్చోబెట్టండి. దాచిన పొరని అలాగే అతికించి, పైన నీళ్ల క్యాన్లు బరువు పెట్టండి. అతుకు దగ్గర రెండు వైపులా వాలుగా అరగదీయాలి. పొర 3 మిల్లీమీటర్లుంటే వాలు 36 మిల్లీమీటర్లు, అంటే మందానికి 12 రెట్లు. దాని మీద కుట్టిన గ్లాస్ గుడ్డ వేయండి. నారల్ని అడ్డదిడ్డంగా పరిచి జిగురుతో అతికించిన మామూలు మ్యాట్ వద్దు. అందులో నారల్ని పట్టి ఉంచే జిగురు పాలియెస్టర్ రెజిన్‌లో కరుగుతుంది గానీ ఎపాక్సీలో కరగదు. ఎండాకాలం కాబట్టి ఎపాక్సీని నెమ్మదిగా గట్టిపరిచే హార్డెనర్ (అందులో కలిపే రెండో ద్రవం) తీసుకోండి. కలిపింది వెడల్పు ట్రేలో పోయండి, డబ్బాలో వదిలేస్తే పొగలొచ్చేంత వేడెక్కుతుంది. చేతులకి గ్లవుజులు మరవకండి. గట్టిపడ్డాక పైన జిడ్డు తేలితే ముందు నీళ్లతో కడిగి, ఆ తర్వాతే రుద్దాలి.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, నాకు బాధ కలిగించేది అదే. పాత బోల్టుల్ని నేరుగా కొత్త కర్రలోకి దించితే ఇదంతా మళ్లీ చేయాలి. 6 మిల్లీమీటర్ల బోల్టుకి 12 బెజ్జం పెట్టండి. వంచిన మేకుని డ్రిల్లుకి బిగించి, రెండు పొరల మధ్య కర్రని చుట్టూ తొలిచేయండి. కింద టేపు వేసి చిక్కటి ఎపాక్సీ నింపండి. గట్టిపడ్డాక దాని నడుమ 6 బెజ్జం. ఇక సీలెంట్ ఎప్పుడైనా విడిపోయినా నీటికి కర్ర తగలదు. బోల్టుల కింద బ్యూటైల్ టేపు (మెత్తటి జిగట రబ్బరు పట్టీ) వాడండి. సిలికాన్ వద్దు, అది అంటిన చోట రంగు గానీ రెజిన్ గానీ మళ్లీ సరిగా పట్టవు.

పొక్కుల గురించి ఇప్పుడు దిగులొద్దు. బోటు అడుగు పొరలోని పాలియెస్టర్ రెజిన్‌లోకి ఏళ్ల తరబడి నీరు ఇంకితే అవి లేస్తాయి, చిదిపితే పుల్లటి వాసన నీరు కారుతుంది. కొద్దిగానే ఉంటే, చలికాలంలో బోటు ఒడ్డుకెక్కించినప్పుడు అరగదీసి, కడిగి, బాగా ఆరాక ఎపాక్సీతో పూడ్చుకోవచ్చు.

ముందు ఆ ప్లైవుడ్ గోడ చూసి ఫొటోలు పంపండి. అది మార్చాల్సి వస్తే మాస్ట్ దించే పని కూడా ఉంటుంది, వచ్చే నెల వివరంగా రాస్తాను.