తొలిసారి వేటకు వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. థాంక్స్‌గివింగ్ ముందు శనివారం నువ్వు మీ ఆఫీసు వాళ్ళతో కలిసి విస్కాన్సిన్ రాష్ట్రం ఉత్తరాన జింకల వేటకు వెళ్తున్నావని చెప్పి కాసేపు ఏడ్చింది, కాసేపు నన్ను తిట్టింది. "ఇదంతా నీ పోలికే" అంది. నేను ఎదురు చెప్పలేదు. ఫోన్ పెట్టేశాక మాత్రం నాకు గర్వంతో నిద్ర పట్టలేదు. మన ఇంట్లో నా తరువాత ఒక్కరైనా ఆ చలిలో, ఆ చెట్ల మధ్య కూర్చుంటారని నేను అనుకోలేదు. తెల్లవారుజామున భయం మొదలైంది. అందుకే ఈ ఉత్తరం.

వేటగాళ్ళ భద్రతా శిక్షణ పూర్తి చేశావు, సర్టిఫికెట్ ఫొటో చూశాను. కాబట్టి తుపాకి గురించి నీకు పాఠం చెప్పను. ప్రతి తుపాకిలోనూ తూటా ఉన్నట్టే భావించు, గొట్టాన్ని మనిషి వైపు తిప్పకు, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గరు మీద పెట్టకు, లక్ష్యం వెనుక ఏముందో చూసుకో. నడుము పైన వేసుకునే బట్టల్లో కనీసం సగం మెరిసే నారింజ రంగు ఉండాలి. ఈ రాష్ట్రంలో 2016 నుంచి మెరిసే గులాబీ రంగునూ ఒప్పుకుంటున్నారు, నీకు నచ్చింది వేసుకో. ఇవి నీకు తెలిసినవే.

నా భయమంతా నీ ఫోను గురించే. పోయిన వేసవిలో మా ఇంటికి వచ్చినప్పుడు గమనించాను. అన్నం తింటున్నా, మెట్లు దిగుతున్నా, మీ అత్తయ్యతో మాట్లాడుతున్నా అది నీ చేతిలోనే ఉంది. నిన్ను నొప్పించాలని అనడం లేదు, మీ వయసు వాళ్ళంతా అంతే. కానీ అడవిలో ఆ అలవాటు చాలా ప్రమాదం తెస్తుంది.

ఫోను ఇంట్లో వదిలేసి వెళ్ళమని చెప్పను. నువ్వు తీసుకెళ్ళాలి. జింకను కొడితే మరుసటి రోజు సాయంత్రం 5 గంటల లోపు నమోదు చేయాలి, ఆ పని ఫోనులోనే అవుతుంది. దారి తప్పినప్పుడు మ్యాపు ఉపయోగపడుతుంది. అయితే బయలుదేరే ముందే ఆ ప్రాంతం మ్యాపును ఫోనులోకి దించుకో. జీపీఎస్ ఉపగ్రహాల నుంచి సంకేతం తీసుకుంటుంది, దానికి సెల్ టవరుతో పని లేదు. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టినా నువ్వెక్కడున్నావో అది చూపిస్తుంది. మ్యాపు బొమ్మ ముందుగా దించుకోకపోతే మాత్రం ఖాళీ తెర మీద ఒక చుక్క మిగులుతుంది, అంతే. పైగా సిగ్నల్ లేని చోట ఫోను టవరు కోసం వెతుక్కుంటూనే ఉంటుంది. బ్యాటరీని తినేసేది ఆ వెతుకులాటే. కారు దిగగానే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టెయ్యి. శబ్దం, వణుకు రెండూ ఆపు. మంచె మీద అంత నిశ్శబ్దంలో ఫోను వణికితే నీకే ఉలిక్కిపాటు వస్తుంది, అప్పుడు నీ ఒళ్ళో తుపాకి ఉంటుంది.

చలిని తక్కువ అంచనా వేయకు. ఐఫోను తయారీదారులే దాన్ని 0 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య వాడమంటారు. నవంబరు చివర ఇక్కడ తెల్లవారుజామున సున్నాకు ఎంతో దిగువన ఉంటుంది. లిథియం బ్యాటరీలో చలికి అంతర్గత నిరోధం పెరుగుతుంది, అందువల్ల 30 శాతం చూపిస్తున్న ఫోను కూడా ఉన్నట్టుండి ఆరిపోతుంది. కోటు పై జేబులో కాకుండా లోపల, ఒంటికి తగిలేలా పెట్టుకో.

ఇది ఇంతగా ఎందుకు చెబుతున్నానో తెలియాలంటే ఒక సంగతి వినాలి. ఇంతవరకు మీ అమ్మకు కూడా చెప్పలేదు.

మా బృందంలో ఒకతను ఉండేవాడు. గురి బాగా తెలిసినవాడు, మనసు మంచిది. ఆ ఏడాది ఒక సాయంత్రం చీకటి పడబోతుండగా అతని మంచె వైపు నుంచి ఒక్క తుపాకి చప్పుడు వినిపించింది. నిమిషం కూడా గడవకముందే నా జేబులో ఫోను వణికింది. "కొట్టాను, పెద్ద మగ జింక" అని గ్రూపులో పెట్టాడు. ఆ అడవి అంచున కాస్త సిగ్నల్ ఉండేది. లేకపోయి ఉంటే ఎంత బాగుండేది! వెంటనే అందరూ అభినందనలు మొదలుపెట్టారు. కొమ్ములెన్ని, ఫొటో ఏది, ఇంకా దిగలేదా అని ఒకరి మీద ఒకరు అడిగారు. అతను తెర మీదికి తల వంచి అందరికీ జవాబు రాస్తున్న ఆ కొద్ది క్షణాల్లోనే జింక పొదల్లోకి వెళ్ళిపోయింది. ఏ చెట్టు పక్క నుంచి వెళ్ళిందో అతను చూడలేదు.

తూటా తగిలిన జింకను ఎవరూ తరమకపోతే అది సాధారణంగా ఎక్కువ దూరం పోదు. దగ్గరలోని ఏదో ఒక పొదలో పడుకుంటుంది, అక్కడే ప్రాణం విడుస్తుంది. అందుకే కనీసం అరగంట కదలకుండా కూర్చోవాలి. ఆ తరువాత దిగి, అది నిలబడ్డ చోట నెత్తురు ఎలా ఉందో చూడాలి. లేత ఎరుపులో నురగ ఉంటే ఊపిరితిత్తులకు తగిలింది, దగ్గరలోనే ఉంటుంది. ముదురు ఎరుపైతే కాలేయం, ఇంకా చాలాసేపు ఆగాలి. పచ్చటి నలక, దుర్వాసన ఉంటే పొట్టకు తగిలింది, వెనక్కి వెళ్ళిపోయి ఆరు నుంచి ఎనిమిది గంటలైనా దాన్ని వదిలెయ్యాలి. ఇవన్నీ అతనికి నాకన్నా బాగా తెలుసు. నెత్తుటిలో పచ్చటి నలక ఉందని తరువాత అతనే ఒప్పుకున్నాడు. కానీ గ్రూపులో అంతమంది ఫొటో కోసం ఎదురుచూస్తున్నారు కదా. వెంటనే దిగాడు. బ్యాగులోంచి టార్చి తీసే ఓపిక లేక ఫోను దీపంతోనే నెత్తుటి జాడ పట్టుకుని నడిచాడు.

ఆ చలిలో ఫోను ఎంతసేపు వెలుగుతుంది? దేవదారు చెట్ల బురద నేల మధ్యలో ఆరిపోయింది. దీపంతో పాటు మ్యాపు, మంచె దగ్గర పెట్టుకున్న గుర్తు, మమ్మల్ని పిలిచే దారి అన్నీ పోయాయి. దిక్సూచి తెచ్చుకోలేదు. మబ్బు పట్టి ఒక్క నక్షత్రం కూడా లేదు. మేము రోడ్డు మీద కారు ఆపి, కాసేపటికొకసారి హారను మోగిస్తూ, మధ్య మధ్య చెవులు రిక్కించి నిలబడ్డాం. ఆ నిలబడడం ఎలా ఉంటుందో నీకు చెప్పలేను. ఒక్కో హారను తరువాత వచ్చే నిశ్శబ్దంలో అతని భార్యకు ఏమని ఫోన్ చెయ్యాలా అని ఆలోచించేవాణ్ణి. అర్ధరాత్రి దాటాక చెట్లలోంచి బయటికి వచ్చాడు. మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాడు. బూట్ల తాళ్ళు విప్పుకోవడానికి వేళ్ళు పని చేయలేదు. నేనే కూర్చుని విప్పాను.

మరునాడు పగటి వెలుగులో వెతికాం. మంచుపై జింక పడుకున్న చోటు కనిపించింది, మంచెకు ఎంతో దూరం కాదు. మరికాస్త ముందుకు వెళ్తే రెండో పడక, దాని తరువాత మూడోది. ప్రతి చోటా నెత్తురు గడ్డకట్టి ఉంది. అతను దగ్గరికి వచ్చిన ప్రతిసారీ అది లేచి, ఆ నొప్పితో నడిచి, మళ్ళీ పడుకుంది. మూడో పడక తరువాత జాడ పోయింది. సాయంత్రం దాకా వెతికినా దొరకలేదు. ఒక ప్రాణిని చంపాలని మనమే నిర్ణయించుకున్నప్పుడు దానికి త్వరగా, ప్రశాంతంగా పోయే మరణం ఇవ్వాల్సిన బాధ్యత కూడా మనదే. ఆ మూడు పడకలు నాకు ఇప్పటికీ మనసులోంచి పోలేదు.

అందుకే తుపాకి పేలాక ఏం చెయ్యాలో మళ్ళీ చెబుతున్నాను, విసుక్కోకు. కన్ను జింక మీద నుంచి తియ్యకు. అది నిలబడ్డ చోటు, చివరిసారి కనిపించిన చెట్టు గుర్తుపెట్టుకో. తుపాకిని మళ్ళీ సిద్ధం చేసుకో. జింక కనుమరుగయ్యాక కావాలంటే ఒక్కసారి ఫోను తీసి మ్యాపులో ఆ చోటుకు గుర్తు పెట్టి, మళ్ళీ లోపల పెట్టెయ్యి. ఎవరికీ ఏమీ రాయకు. దిగి వెతికేటప్పుడు తలకు కట్టుకునే దీపం వాడు, దానికి అదనపు బ్యాటరీలు ఉంచుకో. కనిపించిన ప్రతి నెత్తుటి చుక్క దగ్గరా కొమ్మకు రంగు రిబ్బను కట్టు. తిరిగొచ్చేటప్పుడు విప్పుకోవచ్చు.

మంచె ఎక్కేటప్పుడు ఒంటికి పూర్తి హార్నెస్, అంటే పడిపోకుండా పట్టి ఉంచే భద్రతా పట్టీలు, ఉండాలి, నేల మీద కాలు ఉన్నప్పటి నుంచే తాడుకు కట్టి ఉండాలి. తుపాకిని ఖాళీ చేసి తాడుతో పైకి లాక్కో. ఇక్కడ ఫోను గురించి ఒక మాట, శిక్షణలో చెప్పారో లేదో. దాన్ని కొమ్మకు తగిలించిన బ్యాగులో పెట్టకు. జారిపడి హార్నెస్‌కు వేలాడితే బ్యాగు నీకు అందదు. రెండు చేతుల్లో ఏ చేత్తోనైనా తీయగలిగేలా లోపలి ఛాతీ జేబులో, జిప్పు వేసి ఉంచు. వేలాడుతూ ఉండిపోతే కాళ్ళలో రక్తం ఆగి స్పృహ తప్పే ప్రమాదం ఉంది, కాళ్ళు ఆడిస్తూ ఉండాలి, సాయం త్వరగా పిలవాలి. నీది ఐఫోను 14 గానీ ఆ తరువాతది గానీ అయితే సిగ్నల్ లేని చోట ఉపగ్రహం ద్వారా అత్యవసర సందేశం పంపవచ్చు, కానీ దానికి ఆకాశం కనిపించాలి. దట్టమైన చెట్ల కింద దాని మీద నమ్మకం పెట్టుకోకు. ఇక ఫోను చేతిలోంచి కింద పడితే పడనీ. దానికోసం వంగకు తల్లీ. కొత్త ఫోను నేను కొనిస్తాను.

తెల్లవారే ముందు తెర అసలు వెలిగించకు. జింకల కళ్ళు నారింజ రంగును సరిగా పట్టుకోలేవు, అందుకే మనం ఆ రంగు వేసుకున్నా వాటికి పెద్దగా తెలియదు. నీలి వెలుగును మాత్రం అవి బాగా చూస్తాయి. ఫోను తెరలో ఆ వెలుగు చాలానే ఉంటుంది. చీకట్లో నీ ముఖం మీద అది పడితే చెట్టు మీద దీపం పెట్టినట్టే ఉంటుంది.

మీ అమ్మకు నీ లొకేషన్ పంపుతూ ఉంటానని చెప్పావట. వద్దు. సిగ్నల్ పోగానే ఆ చుక్క కదలకుండా ఆగిపోతుంది, అక్కడ ఆమె గుండె ఆగిపోతుంది. దానికి బదులు ఎక్కడ కారు ఆపుతావో, ఏ మంచెలో కూర్చుంటావో, ఎన్ని గంటలకు బయటికి వస్తావో కాగితం మీద రాసి ఒకటి కారులో, ఒకటి బసలో ఉంచు. ఆ గంట దాటితే ఎవరు ఎవరికి ఫోన్ చెయ్యాలో మీలో మీరు ముందే అనుకోండి.

ఫొటోల సంగతి. తీసుకోవద్దనను, మొదటి జింక ఫొటో నా దగ్గరా ఉంది. ముందు తుపాకి ఖాళీ చెయ్యి. నెత్తురు తుడువు, నాలుక లోపలికి పెట్టు, దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చో. దాని మీద ఎక్కి కూర్చున్న ఫొటో నువ్వు పెడితే నేను మాట్లాడను. నమోదు పూర్తయ్యేదాకా ఎక్కడా పెట్టకు. పెట్టేటప్పుడు ఫొటోలో దాగి ఉండే స్థల వివరాలు తీసెయ్యి, ఆ భూమి యజమాని మిమ్మల్ని నమ్మి రానిచ్చాడు. వచ్చే ఏడాది ముక్కూముఖం తెలియనివాళ్ళు ఆయన కంచె దాటి రాకూడదు.

మన కుటుంబం గ్రూపులో మాత్రం పెట్టకు. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. అక్కడ పెరిగిన మనవాళ్ళకు ఆ ఫొటో నేరంలాగే కనిపిస్తుంది, వాళ్ళను తప్పు పట్టలేం. 2015లో జింబాబ్వేలో సెసిల్ అనే సింహాన్ని ఒక అమెరికన్ వేటగాడు చంపితే సోషల్ మీడియా ఎలా మండిందో చూశాం. అతను కొంతకాలం తన పనిచోటే మూసుకోవాల్సి వచ్చింది. నీ జింకకూ ఆ సింహానికీ పోలిక లేదు, నువ్వు చట్టప్రకారం వెళ్తున్నావు, ఆ మాంసం మీరంతా తింటారు. అయినా కోపంగా రాసేవాళ్ళు ఆ తేడా చూడరు. వాళ్ళతో వాదించి నీ మనసు పాడు చేసుకోకు.

మీ స్నేహితులు చెట్లకు సెల్ కెమెరాలు కట్టి, జింక వచ్చిన క్షణమే ఫోనుకు ఫొటో వచ్చేలా పెట్టారట. అరిజోనాలో 2022 నుంచి వేట కోసం ఇలాంటి కెమెరాలను నిషేధించారు. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి, మీరు వెళ్ళే చోటి నియమాలు చూసుకోండి. నియమం ఒప్పుకున్నా నువ్వు దాని మీద ఆధారపడొద్దని నా కోరిక. నాకు వేట నేర్పిన పక్కింటి పెద్దాయన మొదటి ఏడాది నాకు తుపాకే ఇవ్వలేదు. పొద్దంతా ఊరికే కూర్చోబెట్టాడు. మధ్యాహ్నానికి ఒక చిన్న చికడీ పిట్ట వచ్చి నా బూటు మీద వాలింది. జింక రాలేదు. ఆ రోజు నేను విన్నన్ని చప్పుళ్ళు అంతకు ముందు ఎన్నడూ వినలేదు: ఉడుత అడుగుకూ జింక అడుగుకూ తేడా అప్పుడే తెలిసింది. ఉడుత ఆకుల్లో గబగబా దూకి ఆగుతుంది. జింక రెండడుగులు వేసి చాలాసేపు ఆగుతుంది. తెర వంక చూస్తూ ఉంటే ఇది నీకు ఎప్పటికీ పట్టుబడదు.

ఈ ఉత్తరంతో పాటు నా దిక్సూచి పంపుతున్నాను. ఎర్ర ముల్లు ఉత్తరం చూపిస్తుంది. తుపాకి, ఫోను దగ్గరగా ఉంటే ముల్లు పక్కకు లాగుతుంది, అవి దూరంగా పెట్టి చూడు. కారు దిగగానే రోడ్డు నీకు ఏ దిక్కున ఉందో చూసి అరచేతి మీద పెన్నుతో రాసుకో. వెళ్ళే ముందు మీ ఇంటి దగ్గర పార్కులో ఒకటి రెండుసార్లు సాధన చెయ్యి. అర్థం కాకపోతే ఆదివారం ఫోన్ చెయ్యి, ఎంతసేపైనా చెబుతాను.

నీ మామయ్య