మొదటి కాన్పులో బీపీ వచ్చినవారు రెండో కాన్పుకు ముందు పరిశోధనలను ఎలా చదవాలి?

మీ చెల్లెలికి మొదటి కాన్పులో ఏడో నెల దాటగానే బీపీ పెరిగి, మూత్రంలో ఆల్బుమిన్ పోయి, నెలలు నిండకముందే సిజేరియన్ చేయవలసి వచ్చిందనీ, ఇప్పుడు మళ్లీ గర్భం నిలిచిందనీ, ఆస్పిరిన్, మెట్‌ఫార్మిన్, స్టాటిన్, విటమిన్లు అంటూ ఇంటర్నెట్‌లో కనబడేవాటిలో దేన్ని నమ్మాలో తెలియడం లేదనీ రాశారు. నా మొదటి కాన్పు కూడా అలాగే జరిగింది. రెండోసారికి ముందు నేనూ ఈ పరిశోధన పత్రాలన్నీ చదివాను. నేను వైద్యురాలిని కాను, డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. కాబట్టి ఏ మందు వాడాలో చెప్పను, ఆ పత్రాలను ఎలా చదవాలో మాత్రం చెబుతాను.

ముందుగా చూడవలసింది, ఆ పరిశోధన ఏ ప్రశ్నకు జవాబు వెతికిందన్నది. గర్భిణుల బీపీకి మందు అనే మాటలో నాలుగు వేర్వేరు పనులు కలిసిపోయి ఉంటాయి: జబ్బు రాకుండా చూడటం, పెరిగిన బీపీని దించడం, ఫిట్స్ రాకుండా కాపాడటం, కాన్పును మరికొన్నాళ్లు ఆపగలగడం. మీ చెల్లెలికి వచ్చినట్టు గర్భంలో బీపీ పెరిగి మూత్రంలో ఆల్బుమిన్ పోయే జబ్బును ప్రీఎక్లాంప్సియా అంటారు. దానికి మూలం మాయలో (ప్లసెంటాలో) ఉంది. మాయ నుంచి తల్లి రక్తంలోకి మోతాదు మించి చేరే ఎస్‌ఫ్లిట్-1 అనే ప్రొటీను రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుందని కిడ్నీ వైద్యుడు, పరిశోధకుడు అనంత్ కరుమంచి బృందం 2003లో చూపింది. లాబెటలాల్ మాత్ర బీపీని దించుతుంది కానీ మాయను బాగుచేయదు. బీపీ అదుపులోనే ఉన్నా లివరు, కిడ్నీలు దెబ్బతినడం, చివరికి కాన్పు చేయక తప్పకపోవడం అందువల్లనే.

మీ చెల్లెలి విషయంలో ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది ఆస్పిరిన్. 1994లో వెలువడిన క్లాస్ప్ అనే పరిశోధనలో 9,000 మందికి పైగా గర్భిణులను చేర్చుకుని, కొందరికి రోజుకు 60 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చి చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2017 నాటి ఆస్ప్రే పరిశోధనలో మాత్రం మొదటి మూడు నెలల పరీక్షల్లో ముప్పు ఎక్కువని తేలిన 1,776 మందికి, 11 నుంచి 14 వారాల మధ్య మొదలుపెట్టి 36వ వారం వరకు, రోజూ రాత్రి 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ గానీ మందు లేని ఉత్తుత్తి మాత్ర గానీ ఇచ్చారు. 37 వారాలలోపు కాన్పు చేయవలసి వచ్చేంత ప్రీఎక్లాంప్సియా ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 4.3 శాతం మందికి వస్తే, ఆస్పిరిన్ వేసుకున్నవారిలో 1.6 శాతం మందికే వచ్చింది. ఈ రెండో పత్రాన్ని ప్రింటు తీసుకుని మా డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాను. ఆవిడ ఫలితాల పట్టిక జోలికి పోకుండా పేజీలు వెనక్కి తిప్పి, ఎవరిని చేర్చుకున్నారన్న పేరా కింద పెన్నుతో గీత గీసి, "ఎన్నో వారంలో మొదలుపెట్టారో చూశావా అమ్మా? నీ విషయంలో మాత్ర పేరు కన్నా ఈ వారం ముఖ్యం" అన్నారు. క్లాస్ప్‌లో కొందరు 32వ వారంలో చేరినవారు కూడా ఉన్నారు. మాయ వేళ్లూనుకునే దశ అప్పటికే ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. మరో సంగతి కూడా గమనించండి: నెలలు నిండాక వచ్చే ప్రీఎక్లాంప్సియాను ఆస్ప్రేలో కూడా ఆస్పిరిన్ తగ్గించలేకపోయింది. కనుక మాత్ర వేసుకుంటున్నాం కదా అని చివరి నెలలో బీపీ చూపించుకోవడం మానకూడదు. మీ చెల్లెలికి ఇంకా 16 వారాలు నిండకపోతే ఈ వారమే డాక్టరును అడగండి. సొంతంగా మెడికల్ షాపులో కొని మొదలుపెట్టవద్దు, ఆస్పిరిన్ పడనివారు, రక్తస్రావం సమస్య ఉన్నవారు ఉంటారు.

బీపీని దించే మందుల విషయంలో మన దేశంలో జరిగిన మంచి పరిశోధనే ఉంది. నాగపూర్‌లోని రెండు ప్రభుత్వాసుపత్రులలో తీవ్రమైన బీపీతో వచ్చిన 894 మంది గర్భిణులకు నిఫెడిపిన్, లాబెటలాల్, మిథైల్‌డోపా మాత్రలలో ఒక్కొక్కటి ఇచ్చి చూశారు. 2019లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఆరు గంటల్లో ఇబ్బందులేమీ లేకుండా బీపీ అదుపులోకి వచ్చినవారు వరుసగా 84, 77, 76 శాతం. కాబట్టి డాక్టరు ఈ మూడింటిలో ఏది రాసినా కంగారు పడనక్కరలేదు. గర్భానికి ముందునుంచే బీపీ ఉండి టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ వంటివి వాడుతుంటే మాత్రం బిడ్డకు హాని కాబట్టి ఆలస్యం చేయకుండా డాక్టరు చేత మందు మార్పించుకోవాలి.

మన పల్లెల్లో గుర్రపువాతం అనే ఫిట్స్‌కు మెగ్నీషియం సల్ఫేట్‌ను మించినది లేదు. 33 దేశాల్లో 10,000 మందికి పైగా స్త్రీలతో జరిగిన మ్యాగ్‌పై పరిశోధన (2002) ఇది ఫిట్స్ ముప్పును సగానికి పైగా తగ్గిస్తుందని తేల్చింది. నాకు ఆ ఇంజెక్షన్ ఎక్కుతుంటే ముఖం నుంచి ఒళ్లంతా వేడి ఆవిరి కొట్టినట్టయింది. తర్వాత సిస్టరు మళ్లీ మళ్లీ వచ్చి, చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టి కాలు ఎగురుతుందో లేదో చూసేది, మూత్రం సంచిలో ఎంత చేరిందో రాసుకునేది. మందు ఒంట్లో మోతాదు మించితే ముందుగా ఆ ఎగరడమే ఆగిపోతుందట.

ఇక తేలనివి, తేలిపోయినవి. విటమిన్ సి, ఇ కలిపి ఇస్తే మేలు జరగకపోగా బరువు తక్కువ బిడ్డలు ఎక్కువయ్యారని 2006లో బ్రిటన్ పరిశోధన చెప్పింది. కొలెస్టరాల్ తగ్గించే ప్రవాస్టాటిన్‌ను 35 వారాలు దాటాక మొదలుపెట్టి చూస్తే ఫలితం లేదు. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ గురించి మీరు చూసిన వార్త బహుశా 2021లో దక్షిణాఫ్రికా నుంచి వచ్చినదై ఉంటుంది. అందులో చేరాక గర్భం కొనసాగిన కాలం మందు వాడినవారిలో 17.7 రోజులు, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 10.1 రోజులు. చూడటానికి ఆశగానే ఉంటుంది. కానీ అది 180 మందితో చేసినది, ఆ తేడా కాకతాళీయం కాదని చెప్పడానికి పెట్టుకున్న హద్దును కొద్దిలో అందుకోలేదు. పైగా అందరూ అప్పటికే జబ్బు వచ్చి, ఆసుపత్రిలో ఉన్నవారు. దాన్ని చూసి ఇంట్లో ముందుజాగ్రత్తగా మింగడానికి ఆధారం లేదు. "వేసుకుంటే పోయేదేముంది" అనేవారికి రక్తనాళాలను వెడల్పు చేసే సిల్డెనాఫిల్ అనే మందు సంగతి చెప్పండి. ఎదుగుదల ఆగిన బిడ్డల కోసం నెదర్లాండ్స్‌లో దాన్ని తల్లులకు ఇచ్చి చూస్తుండగా, పుట్టిన శిశువుల్లో ఊపిరితిత్తుల సమస్యలు, మరణాలు కనబడటంతో 2018లో అర్ధాంతరంగా ఆపేశారు.

క్యాల్షియం కూడా ఇలా ఆగి చదవవలసిందే. ప్రీఎక్లాంప్సియా రాకుండా చూడటంలో రోజుకు 500 మిల్లీగ్రాములు 1,500కు తీసిపోదని బెంగళూరు, టాంజానియాలలో చెరో 11,000 మందితో చేసిన పరిశోధనలు చూపాయి, కానీ వారంతా తొలిచూలు స్త్రీలు. మీ చెల్లెలి మోతాదు డాక్టరు చెప్పినదే ఉండనివ్వండి. ఉప్పు మాన్పించడం, రోజంతా మంచం మీద పడుకోబెట్టడం ప్రీఎక్లాంప్సియాను ఆపుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011 సిఫార్సుల్లో ఎక్కడా లేదు, వద్దనే ఉంది. మా అత్తగారు నా కంచంలోంచి ఆవకాయ తీసేయడానికి ఆధారం ఇంకెక్కడ దొరికిందో మరి.

కొత్త మందు పేరు ఎక్కడైనా కనబడితే, మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. ఏ ఫలితాన్ని ప్రధానంగా కొలుస్తామని మొదట్లో రాసుకున్నారో, చివరికి పత్రంలో దేన్ని గొప్పగా చెబుతున్నారో పక్కపక్కన పెట్టి చూడండి. ఆ రెండూ వేరైతే నేను ఆ పత్రాన్ని పక్కన పెట్టేస్తాను.

తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, పక్కటెముకల కింద నొప్పి, వీటిలో ఏది కనబడినా చదువుతూ కూర్చోకుండా, అర్ధరాత్రైనా సరే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కాన్పు అయిపోయిందని బీపీ చూడటం ఆపవద్దు, ఫిట్స్ బాలింతకు కూడా వస్తాయి. ఆరు వారాల వరకు ఎవరు చూస్తారో, ఏ రోజున రమ్మంటారో డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి.