చిట్టీ, ఆ టైం అక్షరం గురించి

చిట్టీ,

నీ మెసేజ్ చూశాను. చైనీస్‌లో టైంకి రాసే 'షీ' (时) అక్షరం రాత్రి ముప్పైసార్లు రాశావట, పొద్దున లేచేసరికి చెయ్యి కదల్లేదట. దానికి అంత టెన్షన్ ఎందుకు? గ్వాంగ్‌జౌలో సరుకు కొని పంపే పనికి వెళ్లిన కొత్తలో నాదీ అదే గోల. ఫోన్‌లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

ముందు చెయ్యి సంగతి. మొత్తం ఏడు గీతలు. ఎడమ పక్క నాలుగు, అది సూర్యుడు. కుడి పక్క మూడు, అది వాళ్ల అంగుళం. మన చేతికి గుండ్రాలు అలవాటు కాబట్టి సూర్యుడి పెట్టెను సున్న చుట్టినట్టు ఒక్క ఊపులో చుట్టేస్తాం. అక్కడే చెడుతుంది. ఎడమ నిలువు గీత పైనుంచి కిందకు లాగి పెన్ను ఎత్తు. మళ్లీ అదే పై మూల నుంచి కుడికి వెళ్లి, ఎత్తకుండా కిందకు దిగు. ఇదంతా కలిపి రెండో గీతే. లోపలి అడ్డగీత మూడోది. అడుగు గీత ఆఖరున, ఇంట్లోకి వెళ్లాక తలుపు వేసుకున్నట్టు. లోపల ఒక్క గీతే సుమా, రెండు గీశావా సూర్యుడు కాస్తా కన్ను అయిపోతాడు.

కుడి పక్క మొదట అడ్డగీత. దాన్ని కోస్తూ నిలువు గీత, నట్టనడుమ కాకుండా కాస్త కుడికి జరిపి, అడుగున ఎడమ వైపుకు చిన్న కొక్కెం. చివరగా ఎడమ సందులో చుక్క. సూర్యుణ్ణి సన్నగా రాయి, సగం చోటు కూడా ఇవ్వకు. నాలుగు మళ్లకు గట్లు వేసినట్టుండే గళ్ల నోటుబుక్కు అక్కడి స్టేషనరీ షాపుల్లో దొరుకుతుంది. దాన్ని 'పొలం గడి' అంటారు. రూళ్ల పుస్తకంలో రాస్తే అక్షరం ఎటు ఒరిగిందో నీకే తెలియదు.

సూర్యుడు అంగుళం జరిగితే కాలం జరిగినట్టు అని గుర్తుపెట్టుకో. అంగుళం పొద్దు అంగుళం బంగారమని వాళ్లకో సామెత కూడా ఉంది. అయితే ఇది గుర్తుకోసం అల్లుకున్న కథే, అక్షరం పుట్టుక కాదు. పాత రూపంలో కుడి పక్కన గుడి అనే అక్షరం ఉండేది, అదీ అర్థానికి కాదు, శబ్దానికి. పది గీతలు. 1956లో మొదలైన సరళీకరణలో గుడి పై భాగం పోయి అంగుళం మిగిలింది. తైవాన్, హాంకాంగ్‌లలో ఇప్పటికీ గుడితోనే రాస్తారు. నువ్వు చదవగలిగితే చాలు, రాయక్కర్లేదు.

నీ అసలు తప్పు వేరే ఉంది. ఆ అక్షరాన్ని ఒంటరిగా ముప్పైసార్లు రాశావు. మాటల్లో అది ఒంటరిగా తిరగదు, పక్కన ఎవరో ఒకరు ఉంటారు. ఆ జంటలు రాయి. శ్యావ్-షీ అంటే గంట. షీ-జియెన్ అంటే మనం టైం అనేది. షీ-హొవ్ అంటే అప్పుడు. జియెన్‌లో కూడా అదే సూర్యుడున్నాడు, ఈసారి గుమ్మం లోపల. రెండూ కలిపి రాస్తే ఒకదానికొకటి గుర్తొస్తాయి.

శ్యావ్ అంటే చిన్న. వాళ్లు పూర్వం రోజును పన్నెండు భాగాలు చేసుకున్నారు, ఒక్కోటీ మన రెండు గంటలు. మనకు జాములున్నట్టే. అందులో సగం కాబట్టి గంట 'చిన్న షీ' అయింది. అది ఎంతసేపు అన్నదానికే. గడియారంలో ఎన్నింటికి అనాలంటే డియెన్. ఇది నాకు డబ్బు పోసి నేర్చుకున్న పాఠం. ఒక మధ్యాహ్నం ఒంటిగంటకు డ్రైవర్‌తో "సాన్ డియెన్" అనాల్సింది "సాన్ గ శ్యావ్-షీ" అన్నాను. మూడింటికి రమ్మన్నాననుకుని నేను మెట్ల మీద పెట్టెలతో కూర్చున్నాను. మూడు గంటల తర్వాత రమ్మన్నానని అతను నాలుగింటికి నవ్వుకుంటూ వచ్చాడు. రైలు పోయింది. అతని తప్పేం లేదు.

షీ-హొవ్ మాత్రం మనవాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. "అన్నం తినేటప్పుడు" అనాలంటే వాళ్లూ అన్నం తినడం ముందు చెప్పి, చివర "ద షీ-హొవ్" తగిలిస్తారు. ఇంగ్లీషులో ఆలోచిస్తే తలకిందులవుతుంది. తెలుగులో ఆలోచించు.

పలకడంలో 'ఈ' అని సాగదీయకు. నాలుక కొస వెనక్కి మడిచి ష అను, అక్కడే ఉంచి గొంతు పలికించు. వినపడనప్పుడు "ఆఁ?" అంటామే, అలా గొంతు పైకి లేవాలి. శ్యావ్-షీలో మొదటిది శ, రెండోది ష. మనమే ఈ రెంటినీ ఒకటి చేసేసుకున్నాం, ఇప్పుడు ఆ తేడా పనికొస్తుంది. పది అన్న అంకె కూడా అచ్చం ఇలాగే పలుకుతుంది. రాత వేరు, మాటలో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాల్సిందే.

రేపు అక్కడి ఆసుపత్రి వార్డులో రోగి ముందు నిలబడితే నీకు ముందు కావలసిన రెండు ప్రశ్నలూ ఈ అక్షరంతోనే. నొప్పి ఎప్పుడు మొదలైంది అనడానికి "షన్మ షీ-హొవ్", ఎన్నాళ్లుగా ఉంది అనడానికి "డువో ఛాంగ్ షీ-జియెన్". ఇవి తారుమారైతే కేస్ షీట్ అంతా తారుమారే.

ఈ ఆదివారం బయటికెళ్లి రాత్రంతా తెరిచి ఉండే మందుల షాపు వెతుకు. బోర్డు మీద 24 అంకె, దాని పక్కన రెండు అక్షరాలు ఉంటే, మొదటిది మూడు గీతల 'చిన్న', రెండోది మన షీ. ఫొటో తీసి, దాని కింద నీ చేత్తో రాసిన కాగితం పెట్టి పంపు. నీకు రాత్రి 10 అయితే మాకింకా 7:30, మేలుకునే ఉంటాను.

నీ
పెదనాన్న