దాత నుంచి తీసిన ఐలెట్లను, అంటే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల చిన్న గుంపులను, మార్పిడి దాకా ఎలా బతికిస్తారు? ఐస్‌లో పెడితే చాలదా?

ఐస్‌లో కాదు, ఐలెట్లను పోషక ద్రవంలో పల్చగా పరిచి, 37 లేదా 22 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో ఉంచి, మామూలుగా మూడు రోజుల లోపే రోగికి ఎక్కిస్తారు.

అసలు సమస్య ఆక్సిజన్. క్లోమంలో ఐలెట్ల వాటా 1-2 శాతమే, కానీ దానికి వచ్చే రక్తంలో దాదాపు పదో వంతు ఇవే వాడుకుంటాయి. ఎంజైమ్‌తో క్లోమాన్ని కరిగించి వీటిని విడదీయగానే రక్తనాళాల సంబంధం తెగిపోతుంది. ఇక ఆక్సిజన్ ద్రవంలోంచి మెల్లగా లోపలికి ఇంకాల్సిందే. పెద్ద ఐలెట్ల నడిభాగానికి అది అందదు. మైక్రోస్కోప్‌లో చూస్తే మధ్యలో నల్లటి మచ్చ కనిపిస్తుంది, అవి చచ్చిపోతున్న కణాలు. కుప్పగా పోసినా ఇదే గతి.

ఉదాహరణకు విశాఖలో 60 కిలోల టైప్ 1 డయాబెటిస్ పేషెంట్ ఉన్నారనుకోండి. కిలో బరువుకు కనీసం 5,000 లెక్కన 3 లక్షల ఐలెట్లు కావాలి. ఒక్క దాత నుంచి అన్ని దొరకడమే కష్టం కాబట్టి ఒక్కటి పోయినా నష్టమే. ఈ మూడు రోజుల గడువులోనే ఇన్ఫెక్షన్ పరీక్షలు చేస్తారు. రంగులు వేసి చూస్తే బతికినవి ఆకుపచ్చగా, చచ్చినవి ఎర్రగా మెరుస్తాయి.

చాలామంది పొరబడేది చల్లదనం దగ్గర. ఫిషింగ్ హార్బర్‌లో చేపల్ని ఐస్‌లో వేసినట్టు వీటినీ దాచొచ్చు అనుకుంటారు. చేప పాడవకుండా ఉంటే చాలు, ఐలెట్ మాత్రం మళ్లీ పనిచేయాలి. విడదీయకముందు మొత్తం క్లోమాన్ని 4 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచుతారు, అది నిజమే. మామూలుగా గడ్డకట్టిస్తే మాత్రం మంచు స్ఫటికాలు కణాల పొరల్ని చీల్చేస్తాయి.