ఆసుపత్రి ఎంత దూరం అంటే "ఏ రోజు?" అంది

"పేద దేశాల్లో ప్రతి పల్లెకూ దగ్గరలో ఆసుపత్రి కట్టేస్తే వైద్యం అందరికీ అందినట్టేనా? పరిశోధనలు ఏం చెబుతున్నాయి?" అని అడిగారు.

పరిశోధనల సంగతి తర్వాత. వాటికి లెక్కలు రాసుకొచ్చేది నాలాంటి వాళ్లం. పాడేరు ఏజెన్సీలో రెండు వానాకాలాలు ఇంటింటి సర్వే చేశాను. చేతిలో ట్యాబ్, చంకలో గొడుగు, ఇంటికి నూరు పైచిలుకు ప్రశ్నలు. వాటిలో ఒకటి, దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రి ఎన్ని కిలోమీటర్లు అని.

కొండ మీది ఊళ్లో ఒకావిడను అదే అడిగాను. రాగులు చెరుగుతోంది. తల ఎత్తకుండానే "ఏ రోజు?" అంది. ప్రశ్న అర్థం కాలేదేమోనని మళ్లీ అడిగాను. "అదే బాబూ, ఏ రోజు?"

సంత రోజైతే జీపు దొరుకుతుంది, పొద్దెక్కేలోగా చేరొచ్చు. మిగతా రోజుల్లో రోడ్డు దాకా కొండ దిగాలి. గెడ్డ పొంగితే అదీ లేదు. కిందటేడు ఆమె భర్తకు చలిజ్వరం వచ్చింది. కర్రకు దుప్పటి కట్టి, డోలీలో నలుగురు మోసుకెళ్లారు. నలుగురికీ ఆ రోజు కూలి పోయింది, వాళ్ల తిండి ఖర్చు ఈమె మీద పడింది. తీరా చేరేసరికి మధ్యాహ్నం దాటింది. డాక్టరు మీటింగుకు వెళ్లారట, రక్తపరీక్ష చేసే మనిషి సెలవట. మాత్రలిచ్చి మూడు రోజులాగి రమ్మన్నారు. "మళ్లీ నలుగురిని ఎక్కడి నుంచి తేను?" అని నన్నే అడిగింది. ఆ తర్వాత ఏ జ్వరమొచ్చినా సంతకు వచ్చే ఆర్‌ఎంపీయే దిక్కు. ఆర్‌ఎంపీలను తిట్టిపోసే పట్నం వాళ్లకు ఒక్క మాట: ఆయన అప్పు పెడతాడు, పిలిస్తే రాత్రి కూడా వస్తాడు. ఆయన వేసే ఇంజెక్షన్లను నేను సమర్థించడం లేదు. కానీ ఆయన అక్కడ ఉంటాడు.

ఇలాంటి మనిషి గురించి నివేదికల్లో ఏం రాస్తారో తెలుసా? "అవగాహన లోపం". ఆ మాట చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. ఆమెకు తెలియనిదేముంది? ఏ రోజు ఎవరుంటారో, ఎంత పోతుందో వేళ్ల మీద లెక్క చెప్పింది.

ఇక మీరడిగిన పరిశోధన. ప్రసవ మరణాల మీద థాడియస్, మెయిన్ అనే ఇద్దరు 1994లో మూడు ఆలస్యాల లెక్క చెప్పారు: వెళ్దామని తేల్చుకోవడంలో, చేరడంలో, చేరాక వైద్యం మొదలవడంలో. మూడోది బాగుపడకుండా మొదటిది మారదని నా గట్టి నమ్మకం. ఒకసారి ఉత్త చేతులతో వెనక్కి వచ్చిన మనిషి రెండోసారి బయల్దేరడానికి పదిసార్లు ఆలోచిస్తాడు. మన దేశ ప్రమాణాల్లో మైదానంలో 30 వేల మందికి, గిరిజన ప్రాంతాల్లో 20 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. వినడానికి బాగానే ఉంది. కొండల్లో ఆ 20 వేల మంది ఎన్ని గెడ్డల అవతల చెదిరి ఉంటారో తలకాయల లెక్కలో తేలదు. కాబట్టి భవనం కట్టండి, వద్దనను. దాని తలుపు ఏ రోజు ఏ వేళ దాకా తెరిచి ఉంటుందో కూడా సర్వేలో అడగండి.

ఆ రోజు నా ట్యాబ్‌లో గడి అంకెలు తప్ప మరేమీ పట్టనంది. ఖాళీ వదిలితే తర్వాతి ప్రశ్న తెరుచుకోదు. 11 అని కొట్టి పక్కింటికి నడిచాను. సంత రోజు జీపు దారి లెక్క అది.